జర్నలిజం కొలువు ఎవరికి అందుతోంది?

నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర నిలబడితే జర్నలిజంలోకి వెళ్ళే దారులన్నీ దగ్గరగానే కనిపిస్తాయి. రాయదుర్గం వెళ్ళే రైలెక్కి తార్నాకలో దిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. అదే రైల్లో ఇంకొంత దూరం వెళ్తే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, ఆ చుట్టుపక్కల టీవీ ఛానళ్ళు, పత్రికల ఆఫీసులు. ఎల్బీనగర్ వెళ్ళి మియాపూర్ రైలు పట్టుకుంటే నాంపల్లిలో మీడియా అకాడమీ. రైలు మాట మరిచి విజయవాడ హైవే మీద సాగితే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రామోజీ ఫిల్మ్‌సిటీ, అందులో ఈనాడు జర్నలిజం స్కూలు.

ఇంత దగ్గరున్నా, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్ళలో ఉంటున్న నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ పిల్లలు చదివేది గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి, బ్యాంకు పరీక్షలకు. ఆ వీధుల్లో కోచింగ్ బోర్డులన్నీ అవే. వార్తలంటే ఆసక్తి లేక కాదు. కరెంట్ అఫైర్స్ కోసం రోజూ పేపరు పేజీలు కత్తిరించి దాచుకునేది వాళ్ళే. ఆ పేపరు రాసే ఉద్యోగం మాత్రం వాళ్ళ లెక్కలోకి రాదు. ఎందుకు రాదన్న చర్చ తెలుగునాట చాలాకాలంగా సాగుతోంది. శిక్షణ, కులం, భాష, జీతం, మహిళల భద్రత అన్నీ అందులో కలిసిపోయి ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియకుండా పోయింది. వాటిని విడదీసి చూడడం ఈ వ్యాసం పని.

తొలి తరం తెరిచిన తలుపులు

తెలుగు పత్రికలు చాలావరకు ఉద్యమాల కోసం పుట్టాయి. 1902లో మచిలీపట్నంలో కృష్ణా పత్రిక, 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్ర పత్రిక, 1926లో హైదరాబాద్‌లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక. వాటిలో పనిచేసినవారికి డిప్లొమాలు లేవు. చదువు, ఆశయం, కొంత ఆస్తో లేదా ఆదరించే దాతో ఉంటే సరిపోయేది. ఆ మూడూ కలిసి ఉండేది ఏ కులాల్లోనో వేరే చెప్పనక్కర్లేదు.

లోపలికి రానివ్వనివారు సొంత పత్రికలు పెట్టుకున్నారు. 1902లో మొదలైన హిందూ సుందరిని స్త్రీలే సంపాదకులుగా నడిపారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1930ల మొదట్లో భాగ్యనగర్ పత్రిక తెచ్చారు. ఈ పత్రికలు చరిత్రలో ఒక మూలన మిగిలిపోయాయి. ‘అందరికీ అవకాశం’ అనే మాట ఈనాటిదనుకునేవారికి మాత్రం ఇవి గుర్తు చేయాలి: తలుపు తెరవమని అడిగి విసిగిపోయి వేరే ఇల్లు కట్టుకోవడం ఇక్కడ నూరేళ్ళ నాటి పద్ధతి.

పత్రిక పని పెద్ద ఎత్తున ఉద్యోగంగా మారింది ఈనాడుతో. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఆ పత్రిక 1980ల చివర్లో జిల్లా పేజీలకు శ్రీకారం చుట్టింది. ప్రతి మండలానికీ ఒక విలేకరి కావలసి వచ్చాడు. ఇతర పత్రికలూ అదే బాట పట్టాయి. పల్లెటూరి యువకుడికి పత్రికలో పేరు చూసుకునే వీలు కలిగింది అప్పుడే. తెలుగు జర్నలిజం సామాజికంగా విస్తరించిన పెద్ద మలుపు అది. ఆ విస్తరణ ఏ షరతుల మీద జరిగిందన్నదే అసలు తగాదా. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

డెస్కే బడి అన్నవారి వాదన

పాత తరం సంపాదకులు చాలామంది నమ్మింది ఇది: జర్నలిజం పనిచేస్తూ నేర్చుకునేది, క్లాసులో కూర్చుంటే వచ్చేది కాదు. సీనియర్ పక్కన కూర్చుని వార్త దిద్దించుకుంటే, శీర్షిక పదిసార్లు మార్చి రాస్తే వస్తుంది. 2013లో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు మార్కండేయ కట్జూ జర్నలిస్టులకు కనీస విద్యార్హత నిర్ణయించాలంటూ ఒక కమిటీ వేసినప్పుడు దేశమంతటా వచ్చిన వ్యతిరేకతలో ఈ నమ్మకం ఉంది. డిగ్రీ అడిగితే పేదవారే ముందు బయటపడతారన్న భయమూ ఉంది. భావప్రకటన హక్కు పౌరులందరిదీ అయినప్పుడు దానికి సర్టిఫికెట్ ఎలా పెడతారన్న ప్రశ్నా ఉంది.

ఈ వాదనలో బలముంది. మన భాషలో గొప్ప పాత్రికేయులు చాలామంది ఈ దారినే వచ్చారు. దీని బలహీనత ఒక్కటే, అదీ పెద్దది. అర్హత రాసి పెట్టనిచోట పరిచయమే అర్హత అవుతుంది. ప్రకటన లేకుండా, పరీక్ష లేకుండా ‘మనవాడు ఒకడున్నాడు’ అన్న మాట మీద నియామకాలు జరిగే చోట మనవాడు కానివాడు లోపలికి రాలేడు.

విశ్వవిద్యాలయం అన్నవారి వాదన

ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లో మొదలైంది. దేశంలోని తొలి విభాగాల్లో అదొకటి, ఢిల్లీలోని భారత మాస్ కమ్యూనికేషన్ సంస్థ (ఐఐఎంసీ) కంటే 11 ఏళ్ళు పెద్దది. డిగ్రీ తర్వాత ఏడాది జర్నలిజం డిగ్రీ (బీసీజే), ఆపైన పీజీ (ఎంసీజే) చేసి పత్రికల్లో చేరిన తరాలున్నాయి. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చాక జర్నలిజం తెలుగులో చదివే వీలూ, దూరవిద్యలో చదివే వీలూ కలిగాయి. అంతకుముందే, 1982లో, హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. ఇంటర్ లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి వేసిన సంస్థ అది.

విశ్వవిద్యాలయం పక్షాన ఉన్న అతి బలమైన మాట రిజర్వేషన్. తరగతి గదిలో దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల విద్యార్థులకు చట్టబద్ధంగా చోటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, అది ఎన్నాళ్ళకు విడుదలవుతుందన్నది వేరే కథ. ఈ పిల్లలు ఎంఏ పట్టా పుచ్చుకుని బయటికొచ్చాక ఏమవుతున్నారు? 1996 నవంబరులో ‘ది పయొనీర్’లో బి.ఎన్. ఉనియాల్ రాసిన వ్యాసం ఒక విదేశీ విలేకరి అడిగిన ప్రశ్నతో మొదలైంది: మాట్లాడదామంటే ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు ఎక్కడ దొరుకుతారు? ఉనియాల్ వెతికి ఒక్కరినీ చూపలేకపోయారు. పదేళ్ళ తర్వాత, 2006లో, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కగట్టారు. అందులో దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. 71 శాతం అగ్రవర్ణ హిందూ పురుషులు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ చేసిన లెక్కలో 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రవర్ణాలవారివే.

తరగతిలో ఉన్నవారు న్యూస్‌రూమ్‌లో కనిపించడం లేదంటే లోపం శిక్షణది ఒక్కటే కాదు. ‘తగిన అభ్యర్థులు దొరకడం లేదు’ అన్న పాత సమాధానం ఈ అంకెల ముందు నిలవదు.

సంస్థలే నడిపే బడులు

ఈనాడు జర్నలిజం స్కూలు 1990ల ఆరంభంలో వచ్చింది. తర్వాత ఆంధ్రజ్యోతి, సాక్షి వంటి సంస్థలూ సొంత శిక్షణలు పెట్టాయి. పద్ధతి దాదాపు ఒకటే. పత్రికలో నోటిఫికేషన్, రాత పరీక్ష, బృంద చర్చ, ఇంటర్వ్యూ, ఆపైన కొన్ని నెలల శిక్షణ, ఆ కాలానికి భృతి, ఆ తర్వాత ఉద్యోగం. ఫీజు కట్టక్కర్లేదు, పైగా నెలనెలా డబ్బు చేతికొస్తుంది. శిక్షణ తర్వాత నిర్ణీతకాలం అదే సంస్థలో పనిచేస్తామన్న ఒప్పందం రాయాలి.

పేదింటి పిల్లలకు అన్నిటికన్నా అందుబాటులో ఉన్న దారి ఇదేనని నా అభిప్రాయం. ఊరూ పేరూ లేని కుటుంబం నుంచి వచ్చి, రాత పరీక్ష ఒక్కటే ఆసరాగా డెస్కులో కూర్చున్నవారు ఈ బడులవల్లే వందల్లో ఉన్నారు. బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్త పాఠం చెప్పిన బడి ఈనాడుది. విశ్వవిద్యాలయాలు ఇవ్వలేకపోయిన తెలుగు వాక్యం ఈ బడులిచ్చాయి.

విమర్శలూ చిన్నవి కావు. సంస్థకు మనుషులు కావలసినప్పుడే నోటిఫికేషన్ వస్తుంది, అక్కర్లేకపోతే రాదు. నేర్పేది ఆ సంస్థ శైలి, ఆ సంస్థ చూపు. యజమానిని ప్రశ్నించడం ఆ పాఠ్యప్రణాళికలో ఉండదు. వయోపరిమితి ఉంటుంది గనుక పెళ్ళి, పిల్లలు అయ్యాక మళ్ళీ చదవాలనుకునే ఆడవాళ్ళకు అది మూసిన తలుపే. ఎంపికైనవారి సామాజిక వివరాలు ఏ సంస్థా బయటపెట్టదు.

ఊళ్ళో మీడియా, చేతిలో మీడియా

నాలుగో పక్షం వారు న్యూస్‌రూమ్ గడప దగ్గర ఎదురుచూడడమే మానేశారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలకు 1990ల చివర్లో వీడియో కెమెరాలు చేతికిచ్చింది. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది, నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు దళిత స్త్రీలు దాన్ని నడిపి పేరు తెచ్చుకున్నారు. 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు ‘నవోదయం’ పత్రిక తెచ్చారు. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లో మొదలై తర్వాత ప్రపంచమంతటికీ తెలిసిన ‘ఖబర్ లహరియా’ను అందరూ చెప్పుకుంటారు; దానికంటే ముందు మన చిత్తూరు జిల్లాలో జరిగిన పనిని మనమే మరిచిపోయాం.

ఈ ప్రయోగాలు నేర్పిందేమిటంటే, వార్త చెప్పడానికి డిగ్రీ గానీ అక్షరాస్యత గానీ లేకపోవడం అడ్డం కానక్కర్లేదు. అయితే కమ్యూనిటీ రేడియోలు సొంత వార్తా బులెటిన్లు ప్రసారం చేయడానికి కేంద్ర నిబంధనలు ఒప్పుకోవు. ప్రాజెక్టు డబ్బు ఉన్నంతకాలమే పని. అక్కడ నేర్చుకున్న స్త్రీకి జిల్లా పత్రికలో గానీ హైదరాబాద్ ఛానల్లో గానీ ఉద్యోగం దొరికే వంతెన ఎవరూ కట్టలేదు.

యూట్యూబ్ ఆ వంతెన అవసరమే లేకుండా చేసిందంటారు కొందరు. ఫోను, మైకు ఉంటే ఛానల్ పెట్టవచ్చు. ఆ వెసులుబాటు నిజమే, దాని మీద నడిచే ప్రమాదమూ నిజమే. 2025 మార్చిలో ఇద్దరు మహిళా యూట్యూబ్ జర్నలిస్టుల అరెస్టు తర్వాత ‘జర్నలిస్టు అంటే ఎవరు’ అన్న ప్రశ్న తెలంగాణ శాసనసభ దాకా వెళ్ళింది, జాబితా ఇమ్మని ముఖ్యమంత్రే జర్నలిస్టు సంఘాలను అడిగారు. నిర్వచనం రాసే రోజు వస్తే అది ముందుగా కొట్టేసేది ఎవరి పేర్లో ఊహించడం కష్టం కాదు. అక్రెడిటేషన్ కార్డు లేనివారు, పెద్ద సంస్థ అండ లేనివారు.

నాలుగూ పక్కపక్కన పెడితే

డబ్బు పరంగా చూస్తే సంస్థల బడి అన్నిటికన్నా తేలిక, ప్రైవేటు కాలేజీల కోర్సులు అన్నిటికన్నా భారం; విశ్వవిద్యాలయం మధ్యలో ఉంటుంది గానీ రెండేళ్ళు హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు భరించాలి. హక్కు పరంగా చూస్తే విశ్వవిద్యాలయానికే చట్టం అండ ఉంది, మిగతా మూడింటికీ లేదు. ఉద్యోగం పరంగా సంస్థల బడి ముందుంటుంది, ఊరి మీడియా చివర ఉంటుంది. స్వేచ్ఛ పరంగా ఈ వరుస తలకిందులవుతుంది. డెస్కే బడి అన్న పద్ధతికి ఖర్చు లేదు, హక్కూ లేదు, హామీ లేదు. పరిచయమున్నవారికి అన్నీ ఉన్నాయి.

ఏ ఒక్కటీ సరిపోదన్నది ఇందులో తేలిక మాట. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరు. ఈ నాలుగు పక్షాలూ గడప దాటడం గురించే మాట్లాడతాయి. దాటాక నెల గడిచేదెలా అన్నది ఎవరి వాదనలోనూ ముందు వరుసలో లేదు.

భాష అనే వడపోత

అక్కడికి వెళ్ళేముందు ఒక్క మాట భాష గురించి. సంస్థల బడుల ప్రవేశ పరీక్షలో అనువాదం తప్పనిసరి. ఇంగ్లిషు వార్త ఒకటి ఇచ్చి తెలుగులో రాయమంటారు. ఒకప్పుడు ఇది తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిషు వల్ల కష్టమయ్యేది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిషు మీడియం మొదలైంది గనుక రాబోయే తరానికి అదే పరీక్ష తెలుగు వల్ల కష్టమవుతుంది. ‘అనుమతి నిరాకరించారు’ అన్నంత మామూలు వాక్యానికి తడుముకునే పట్టభద్రులు ఇప్పటికే ఉన్నారు.

అంతకు మించినది ఏ తెలుగు అన్నది. గోదావరి, కృష్ణా జిల్లాల చదువుకున్నవారి వాడుకే పత్రికల ప్రమాణంగా చాలాకాలం నిలిచింది. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన కుర్రాడి వాక్యంలో ఎర్ర సిరా ఎక్కువ పడేది. 2012లో మొదలైన వీ6 ఛానల్లో తీన్మార్ వార్తలు ఇంట్లో మాట్లాడే మాటను తెర మీదికి తెచ్చి లక్షలమందిని కూర్చోబెట్టాయి. దాంతో యాంకర్ల ఎంపిక మారింది. డెస్కులో వార్త భాష మాత్రం అంతగా మారలేదు, తీన్మార్ భాష వ్యంగ్యానికీ వినోదానికీ పనికొస్తుంది గానీ బడ్జెట్ వార్తకు పనికిరాదన్న అభిప్రాయం ఇంకా గట్టిగానే ఉంది.

కొలువు దొరికాక

మండల విలేకరి, అంటే కంట్రిబ్యూటర్, పని దగ్గరగా చూస్తే ఈ చర్చ అంతా మరోలా కనిపిస్తుంది. పొద్దున్నే పోలీస్ స్టేషన్, తర్వాత మండల ఆఫీసు, మధ్యాహ్నం ఏదో ధర్నా, సాయంత్రం ఐదింటికల్లా ఫోన్లో టైపు చేసిన వార్తలు, ఫొటోలు జిల్లా డెస్కుకు చేరాలి. బండి పెట్రోలు తనదే, ఫోను తనదే. నెలాఖరుకు చేతికొచ్చేది లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్తను కొలిచి కట్టిచ్చే డబ్బు. రాసింది అచ్చవకపోతే ఆ రోజు లెక్కలో లేనట్టే. దాని మీద ప్రకటనల టార్గెట్. ఉగాది, ఆగస్టు 15, జనవరి 26, పత్రిక వార్షికోత్సవం వచ్చాయంటే రైస్‌మిల్లు యజమాని దగ్గరికి, ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్ దగ్గరికి, సర్పంచి దగ్గరికి శుభాకాంక్షల ప్రకటనకు తిరగాలి. రేపు వార్త రాయవలసింది వాళ్ళ మీదే.

ఇంట్లో పొలమో, దుకాణమో, ఎల్ఐసీ ఏజెన్సీయో ఉన్నవారు ఈ పని కొనసాగించగలరు. ఏమీ లేనివారు రెండేళ్ళలో మానేస్తారు, లేదా పేరు చెడగొట్టుకునే దారిలో పడతారు. 1980ల చివరి నుంచి వేలమందిని పత్రికల్లోకి తెచ్చిన విస్తరణ నిలబడింది ఈ పునాది మీద.

చట్టం లేదా అంటే ఉంది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రధాన వృత్తి జర్నలిజంగా ఉన్నవారికి రక్షణలిచ్చింది. మజీఠియా వేతన సంఘం సిఫారసులు 2011 నవంబరులో నోటిఫై అయ్యాయి, సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరి 7న వాటిని సమర్థించింది, 2017లో కాంట్రాక్టు ఉద్యోగులకూ వర్తిస్తాయని చెప్పింది. ‘నా ప్రధాన జీవనాధారం వేరే ఉంది’ అని కంట్రిబ్యూటర్ల చేత రాయించుకునే పద్ధతి ఆ చట్టానికి జవాబుగా పుట్టింది. ఆ చట్టాన్నే పార్లమెంటు 2020లో కార్మిక కోడ్‌లో కలిపేసింది. ఆ ఏడే కోవిడ్ దెబ్బకు పత్రికలు పేజీలు తగ్గించాయి, జిల్లా సంచికలను ప్రధాన సంచికలో కలిపాయి, ఉద్యోగాలు తీసేశాయి.

మహిళల విషయంలో ఇంకో లెక్క ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉన్న అమ్మాయి పగలు ఎక్కడికైనా ఖర్చు లేకుండా వెళ్ళిరాగలదు. డెస్కు పని ఊపందుకునేది రాత్రి, ఎడిషన్ ముగిసేది అర్ధరాత్రి దాటాక. అప్పటికి మెట్రో ఉండదు, బస్సులు దాదాపు ఉండవు, హాస్టల్ గేటు మూసేస్తారు. ఆఫీసు కారు ఇంటి గుమ్మం దాకా దింపుతుందా, లేదా అన్న ఒక్క ప్రశ్న మీద ఎన్నో ఉద్యోగాలు ఆగిపోతున్నాయి. ‘ఆడపిల్లలకు డెస్కు ఎందుకు, ఫీచర్స్ చాలు’ అనే మాట ఈ కారు ఖర్చు తప్పించుకోవడానికి అనేదే. ఆ మాట అన్నవారు దాన్ని స్త్రీల మీద శ్రద్ధగా చెప్పుకోవడం అన్యాయం. వికలాంగుల సంగతి మరీ కనిపించదు: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాన అవకాశాల గురించి స్పష్టంగానే చెప్పినా, మన చర్చలో వారి పేరు పైకే రాలేదు.

బయటి అనుభవం

అమెరికాలో 1968లో కెర్నర్ కమిషన్ పత్రికల్లో నల్లజాతివారు లేకపోవడాన్ని తప్పుపట్టింది. దానికి పదేళ్ళ తర్వాత, 1978లో, సంపాదకుల సంఘం 2000 నాటికి న్యూస్‌రూమ్‌లు జనాభాను ప్రతిబింబించాలని లక్ష్యం పెట్టుకుంది. అందుకోలేక గడువును 2025కు జరిపింది. లక్ష్యం తప్పిందని మనకు తెలిసింది ఏటా లెక్క తీశారు గనుకే. బ్రిటన్‌లో 2005లో పెట్టిన జర్నలిజం డైవర్సిటీ ఫండ్ పేద, మైనారిటీ విద్యార్థులకు శిక్షణ ఫీజుతో పాటు బతుకు ఖర్చులకూ డబ్బిస్తుంది. మనకు పనికొచ్చేవి ఈ రెండు పద్ధతులు: లెక్క తీయడం, బతుకు ఖర్చు ఇవ్వడం.

ఇంకా తేలనివి

తెలుగు న్యూస్‌రూమ్‌లలో ఎవరు ఎంతమంది ఉన్నారన్నది మొదటిది. పైన చెప్పిన సర్వేలు ఢిల్లీ చుట్టూ, ఇంగ్లిషు, హిందీ మీడియా చుట్టూ తిరిగాయి. హైదరాబాద్, విజయవాడల్లోని డెస్కుల లెక్క మన ముందు లేదు.

రెండోది యంత్రం. డెస్కులో కొత్తగా చేరినవారికి ఇచ్చే మొదటి పని ఏజెన్సీ వార్త అనువాదం. పేరు, పరిచయం లేని కుర్రాడు తన సత్తా చూపించేది అక్కడే. 2023 జులైలో ఒక తెలుగు ఛానల్ ‘మాయ’ అనే కృత్రిమ మేధ యాంకర్‌ను తెర మీదికి తెచ్చింది. అది ప్రచారానికి చేసిన పనే కావచ్చు, అనువాదం మాత్రం చప్పుడు లేకుండా యంత్రానికి వెళ్ళిపోతోంది. కింది మెట్టు పోతే మెట్లెక్కేదెలా అన్నదానికి విశ్వవిద్యాలయాల దగ్గర గానీ, సంస్థల బడుల దగ్గర గానీ సమాధానం లేదు.

మూడోది డబ్బు ఎవరిస్తారన్నది. ఎస్సీ, బీసీ స్టడీ సర్కిళ్ళు పోటీ పరీక్షలకు ఉచిత శిక్షణ ఇస్తున్నాయి, జర్నలిజాన్నీ ఆ జాబితాలో చేర్చి ఏడాది భృతి ఇవ్వమన్న కోరిక న్యాయమైనదే. ఆ శిక్షణ పొందినవారు చివరికి లైన్ అకౌంట్ దగ్గరికే చేరితే ఆ భృతి ఒక ఏడాది ఊరట మాత్రమే. అందుకే శిక్షణ కంటే ముందు కంట్రిబ్యూటర్‌కు కనీస నెలజీతం, ప్రకటనల టార్గెట్ నుంచి విముక్తి అడగాలన్నది నా పక్షం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ సమాచార శాఖల ద్వారా పత్రికలకు, ఛానళ్ళకు ప్రకటనలిస్తున్నాయి. అది ప్రజల సొమ్ము. ఆ ప్రకటనలు తీసుకునే సంస్థ ఏడాదికోసారి తన దగ్గర ఎంతమంది స్త్రీలు, ఎంతమంది దళితులు, గిరిజనులు, మైనారిటీలు, వికలాంగులు పనిచేస్తున్నారో, కంట్రిబ్యూటర్లకు ఎంత ఇస్తోందో చెప్పాలన్న షరతు పెట్టవచ్చు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. ప్రకటనలతో పత్రికలను లొంగదీసుకునే ప్రభుత్వాల చేతికి ఇంకో కర్ర ఇస్తామా అని సంపాదకులు అడుగుతారు. ఆ లెక్కలు తీసుకునేది సమాచార శాఖ కాకుండా, జర్నలిస్టు సంఘాలు, విశ్వవిద్యాలయాలు, పాఠకుల ప్రతినిధులు ఉన్న స్వతంత్ర సంస్థ అయితే ఆ భయం కొంత తగ్గుతుంది. అలాంటి సంస్థను ఎవరు నియమిస్తారు, దాని మాట యజమానులు వింటారా అన్నది జర్నలిస్టు సంఘాలు, యాజమాన్యాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చాలి.